ఆపరేషన్ అయిన పెళ్ళికొడుకు

ఎమర్జెన్సీ రోజుల్లో మా అన్న పుంగనూరులో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాడు. నేను వాళ్ళింట్లోనే ఉండి రోజూ బస్సులో మదనపల్లె కాలేజీకి పోయి వచ్చేదాన్ని. అమ్మా నాయనా పెద్దపంజాణి పక్కన మా పల్లెలో వేరుశనగ సేద్యం చూసుకునేవాళ్ళు. అన్నకు అప్పటికి ముప్పై నిండలేదు. పాపకు నాలుగేళ్ళు, అబ్బోడు అప్పుడప్పుడే నడక నేర్చాడు.

ఆ ఏడాది ఊళ్ళో ఏ గోడ చూసినా కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణమే. ఆసుపత్రి గోడ, బస్టాండు గోడ, చివరికి మా వీధిలో చెక్కమిల్లు గోడ కూడా వదల్లేదు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ చేతికి కొంత డబ్బు ఇచ్చేవాళ్ళు. ఇద్దరు పిల్లలతో ఆపిన ఉద్యోగులకు ఒక ఇంక్రిమెంటు వస్తుందని చెప్పారు. అంతటితో పోలేదు. ప్రతి ఆఫీసులోనూ, ప్రతి బడిలోనూ మనిషికి ఇన్ని కేసులని అప్పగించారు. కేసంటే ఆపరేషన్‌కు ఒప్పుకున్న మనిషి. కేసులు తేనివాళ్ళకు జీతాలు ఆపుతారని ఒక పుకారు, దూరం ఊళ్ళకు బదిలీ చేస్తారని మరొకటి. అన్న నెమ్మది మనిషి. ఎవరినీ ఏదీ అడిగి ఎరగడు. అటువంటివాడు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, కాఫీ తాగి, సైకిలెక్కి పల్లెల మీద పోవడం మొదలుపెట్టాడు. పోయినవాడు పోయినట్టే తిరిగొచ్చేవాడు.

ఒక ఆదివారం మా పల్లెకే పోయాడు. నేనూ వెంట ఉన్నాను. మాకు వరసకు పెదనాయన అయ్యే రైతు ఒకాయన ఉండేవాడు, ఆరుగురు పిల్లలు. ఆయన కళ్ళంలో వేరుశనగ చెట్ల నుంచి కాయ వలుస్తుంటే అన్న పక్కన కూర్చుని తానూ వలుస్తూ విషయం చెప్పాడు. చిన్న కోతేననీ, ఒక పూటలో ఇంటికి రావచ్చుననీ, డబ్బు కూడా ఇస్తారనీ. ఆయన అంతా విన్నాడు.

"సరేప్పా. నీకెంత మంది ఉండారు?"

"ఇద్దరు, పెదనాయనా."

"నువ్వు చేయించుకున్యావా?"

అన్న చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"లేదు కదా. మొదట నువ్వు పోయిరా. పోయొచ్చి, ఇట్లే నా ముందర నడిచి చూపించు. అప్పుడు నేనూ వస్తాను" అన్నాడాయన. వెటకారం లేదు ఆ మాటలో. నిజంగానే అన్నాడు.

ఇంటికి వచ్చాక వదినతో చెప్పాడు, తాను పోయి చేయించుకుంటానని. వదినకు అబ్బోడి కాన్పు కష్టమైంది. ఆపరేషన్ తానే చేయించుకోవాలని అప్పటికే అనుకుని ఉంది.

"మీరు యాలండీ? నేను చేయించుకుంటాను లే" అంది.

"నీదైతే కడుపు కోయాల. నాది సూది గుచ్చినంత."

"చేయించుకున్న మగోళ్ళు బరువులెత్తలేరంట కదా."

"నేనెత్తేది పెన్నే కదే" అన్నాడు అన్న. ముగ్గురం నవ్వాం.

మదనపల్లెలో క్యాంపు పెట్టినప్పుడు పోయి చేయించుకుని సాయంకాలం బస్సుకే వచ్చేశాడు. సీటు అంచున కూర్చుని వచ్చానని చెప్పాడు. వదిన కోడికూర చేసి పెట్టింది. తర్వాత ఆదివారం పల్లెకు పోయి, అడిగినట్టే పెదనాయన ముందర నడిచి చూపించాడు. ఆయన భుజం తట్టి మంచినీళ్ళిచ్చాడు గానీ క్యాంపుకు మాత్రం రాలేదు. ఏడాది గడిచాక తన భార్యను పంపించాడు.

అమ్మకు తెలియగానే చెనక్కాయల మూట చంకనబెట్టుకుని పుంగనూరుకు దిగింది. మూట కింద పెట్టకుండానే మొదలుపెట్టింది.

"మగోడు కత్తి పెట్టించుకుంటాడా యాడన్నా? ఉండేది ఒక్క అబ్బోడు. వానికి రేపు ఏమన్నా అయితే?"

"అమ్మా, అట్లంటి మాటలు ఎత్తద్దు" అన్నాడు అన్న.

"ఎత్తకుంటే జరగకుండా పోతాయా?"

మా అమ్మ తొమ్మిది మందిని కనింది. దక్కింది నలుగురం. ఆ భయం ఆమెది, ఆమె అనుభవం ఆమెది. అది తెలుసు కాబట్టి వదిన ఎదురు చెప్పలేదు, మూట అందుకుని లోపల పెట్టింది. అన్నకు ఇంక్రిమెంటు వచ్చింది. వదిన ఆ ధైర్యంతో కంతుల మీద కుట్టుమిషను కొనుక్కుంది. వీధిలో ఆడపిల్లలందరికీ లంగాలు, జాకెట్లు కుట్టేది.

తర్వాత ప్రభుత్వం మారింది. కేసుల వేట ఆగిపోయింది. కుటుంబ నియంత్రణ అనే మాటే పోయి కుటుంబ సంక్షేమం అయింది. మగవాళ్ళ ఆపరేషన్ సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వుకునేవాళ్ళు. క్యాంపులు మళ్ళీ పెట్టినప్పుడు అక్కడ వరసగా పడుకున్నవాళ్ళంతా ఆడవాళ్ళే.

ఆపరేషన్ అయిన రెండో ఏడు ఎండాకాలంలో వదినకు కామెర్లు వచ్చాయి. పసరు మందు తాగించాం, తర్వాత మదనపల్లె ఆసుపత్రిలో చేర్చాం. దక్కలేదు. పాప అప్పటికి ఒకటో తరగతి ముగించింది. అబ్బోణ్ణి ఇంకా బడిలో వెయ్యలేదు.

నా బి.ఏ. అయిపోయింది. పిల్లల్ని చూసుకుంటూ అన్న ఇంట్లోనే ఉండిపోయాను. నాకు సంబంధాలు వస్తూనే ఉన్నాయి. పిల్లల్ని ఎవరికి వదిలి పోవాలన్న దగ్గర ఆగిపోయేవి. అన్న అది గమనించినట్టు పైకి కనపడేవాడు కాదు గానీ, ఏడాది దాటాక అమ్మ మారుమనువు మాట ఎత్తితే కాదనలేదు. ఒప్పుకున్నది నా కోసమేనని నాకు తెలుసు.

అమ్మ మనసులో పిల్ల సిద్ధంగానే ఉంది. గుర్రంకొండ దగ్గర ఉండే మా మేనమామ కూతురు, అప్పుడే పదో తరగతి ముగించింది. పద్దెనిమిది నిండందే ఆడపిల్లకు పెళ్ళి చెయ్యకూడదని చట్టం మారి ఎంతో కాలం కాలేదు. ఆ చట్టం మా వైపు ఇళ్ళకు ఇంకా అందలేదు. నేనూ అమ్మా పోయాం. మామ మమ్మల్ని బాగానే చూసుకున్నాడు, కోడి కోయించాడు. భోజనాలయ్యాక వక్కాకు పళ్ళెం ముందు పెట్టి చెప్పాడు.

"అక్కా, నీకు కాదని చెప్పాలంటే నాకు నోరు రావడం లేదు. వానికి గుణముండాది, ఉద్యోగముండాది. మొదటి పెండ్లాం పోయిందని కూడా నేను చూడను. అయినా ఆ ఆప్రేసను ఉండాది కదా. నా బిడ్డ కడుపు పండేది యాడ?"

అమ్మ వక్కాకు ముట్టలేదు. బస్సు మదనపల్లె చేరేదాకా కిటికీ బయటికే చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు అంది: "ఇంక్రిమెంటు ఇచ్చినోళ్ళనే పిల్లను కూడా ఎతికి ఇయ్యమని చెప్పు మీయన్నకు."

తర్వాత పెళ్ళిళ్ళ పేరయ్య ఒకాయన పలమనేరులో ఒక సంబంధం తెచ్చాడు. ఆపరేషన్ సంగతి ఎత్తవద్దని, పెళ్ళయ్యాక అన్నీ సర్దుకుంటాయని మాకు నచ్చజెప్పాడు. అమ్మ ఒప్పుకుంది. నేనూ నోరు మెదపలేదు. పెళ్ళిచూపుల్లో కాఫీలు వచ్చాయి, పిల్ల వచ్చి కూర్చుంది. అన్న గ్లాసు కింద పెట్టి, పిల్ల తండ్రితో, "ఒక మాటండీ. నాకు ఇద్దరు పిల్లలయినాక ఆపరేషన్ అయింది. మీరు తెలుసుకుని చెయ్యాల" అన్నాడు. ఆ పిల్ల తల్లి వచ్చి కాఫీ గ్లాసులు తీసుకుపోయింది. బయటికొచ్చాక పేరయ్య నెత్తి కొట్టుకున్నాడు. ఇకమీదట ఆ మాట చెప్పిన తర్వాతే మిగిలిన మాటలు చెప్పమన్నాడు అన్న. అప్పటి నుంచి సంబంధాలు రావడం ఆగిపోయింది. ఊళ్ళో అన్నకు పేరు కూడా పడింది. ఆపరేషన్ అయిన పెళ్ళికొడుకు అనేవాళ్ళు. ఆ మాట నా చెవినే పడింది, చక్కెర కోసం అంగట్లో నిలబడి ఉన్నప్పుడు.

కుప్పానికి బదిలీ అయిపోయిన స్నేహితుడొకాయన ఆ తర్వాత అన్నకు కబురు చేశాడు. మనవాళ్ళేననీ, బడిపంతులమ్మ అనీ, ముప్పై మూడేళ్ళనీ. ఇంటికి పెద్దబిడ్డ. తల్లి లేదు. చెల్లెళ్ళిద్దరి పెళ్ళిళ్ళు చేసి, తమ్ముళ్ళను చదివించేసరికి తన ఈడు దాటిపోయిందని అందరూ అనుకుంటున్నారనీ చెప్పాడు. అన్న ఆపరేషన్ సంగతి ఆమెకు ముందే చెప్పాననీ, అయినా రమ్మన్నదనీ కూడా చెప్పాడు. అమ్మకు ఆ వయసు నచ్చలేదు. అయినా బయలుదేరింది.

పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా పోయేసరికి మధ్యాహ్నమైంది. వాళ్ళిల్లు రైల్వేస్టేషనుకు దగ్గర. ముందు భాగంలో తండ్రి చిల్లర అంగడి. ఆయన మాటల్లో సగం తమిళం. ఆమె వచ్చి, చాప మీద కాకుండా మా ఎదురుగా కుర్చీలో కూర్చుంది. నల్లగా, పొడుగ్గా ఉంది. అన్నను ఏమీ అడగలేదు. నా వైపు చూసి, "నువ్వొకసారి ఇట్ల రామ్మా" అని పెరట్లోకి పిలిచింది. గుడ్డలుతికే బండ మీద ఇద్దరం కూర్చున్నాం.

"మీయన్నకు ఆపరేషన్ అయింది నిజమే కదా?"

"నిజమే. దాచేదేం లేదు."

"దాచినారని అడగలేదమ్మా. పెండ్లి కోసరమని లేనిది చెప్తాండారేమోనని."

నాకు అర్థం కాలేదు. అన్నాళ్ళుగా అందరూ ఆ మాటకే లేచి వెళ్ళిపోతుంటే, ఈమె ఆ మాట అబద్ధమేమోనని భయపడుతోంది.

"మా యమ్మ కడగొట్టు కాన్పులో పోయింది" అంది ఆమె. "ఇంట్లోనే. నేను పక్కనే ఉండాను. నాకప్పుడు పదహారు. ఆ బిడ్డకు నేనే సీసాపాలు పోసి పెంచినాను, ఇప్పుడు వాడు బెంగుళూరులో ఐ.టి.ఐ. చదువుతాండాడు. నాకు కాన్పంటే భయం. చెల్లెళ్ళ కాన్పులకు కూడా ఆసుపత్రి గేటు కాడనే నిలబడిపోతాను. ఆ మాట చెప్తే మరి పెండ్లి యాల అంటారు జనం. పెండ్లంటే కనేదానికేనా? నాకు ఒక తోడు కావాల. ఇంటికొస్తే మాట్లాడే మనిషి కావాల. అంతే."

అన్న మంచివాడని చెప్పాను.

"అందరూ మంచోళ్ళే పెండ్లి ముందర" అని నవ్వింది. "పిల్లోళ్ళను యాల పిలుచుకొని రాలేదు? నన్ను చూడాల్సింది వాళ్ళు కదా మొదట."

మరుసటి ఆదివారం తానే తండ్రిని వెంటబెట్టుకుని పుంగనూరుకు వచ్చింది. పిల్లలకు బొమ్మలూ మిఠాయిలూ ఏమీ తేలేదు. అబ్బోడు అరగంటలో అలవాటైపోయి ఆమె గడియారం తీసి పెట్టుకున్నాడు. పాప మాత్రం తలుపు పట్టుకుని నిలబడే ఉంది. చాలాసేపటికి అడిగింది.

"నువ్వు ఈడనే ఉంటావా?"

"మీరు ఉండమంటే ఉంటాను."

"ఉంటే, మా యమ్మ మిషను ముట్టుకోగూడదు."

"ముట్టుకోను. నాకు కుట్టేది రాదు" అంది ఆమె. పాప వచ్చి పక్కన కూర్చుంది.

ఇక మిగిలింది అమ్మ. కోసిన నరాన్ని వేలూరు ఆసుపత్రిలో మళ్ళీ కలుపుతారని ఆమెకు ఎవరో చెప్పి ఉన్నారు. ఆ రోజు భోజనాల దగ్గరే అడిగేసింది. "అమ్మాయీ, పెండ్లయినాక మావోణ్ణి వేలూరికి పిలుచుకొని పోయి కలిపించుకో. నీకని ఒక బిడ్డ లేకపోతే రేపు నిన్ను చూసేదెవురు?"

"అది ఆయనా నేనూ మాట్లాడుకుంటాము లేమ్మా" అంది ఆమె, మజ్జిగ పోసుకుంటూ. అమ్మను అట్లా మెత్తగా, గట్టిగా ఆపిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

పెళ్ళి కుప్పంలో గుళ్ళో జరిగింది. మా పల్లె నుంచి వచ్చిన ఆడవాళ్ళు, కావాలనే గొడ్రాలిగా ఉండేదానికి ఈ పెండ్లి ఏందని పంక్తిలోనే మాట్లాడుకున్నారు. కొత్త వదినకు వినపడే ఉంటుంది. పుంగనూరుకు బదిలీ దొరికేదాకా ఏడాది పాటు ఆమె కుప్పంలోనే పనిచేసింది. శనివారం ఒంటిపూట బడి ముగించుకుని మూడు బస్సులు మారి వచ్చేది, సోమవారం తెల్లారకముందే పోయేది. పిల్లలు ఆమెను చిన్నమ్మా అని పిలిచేవాళ్ళు. అమ్మా అనమని ఎవరైనా పిల్లలకు చెప్పబోతే ఆమే అడ్డుపడేది.

బదిలీ అయిన ఏడే నా పెళ్ళి జరిగింది. మదనపల్లెలో పట్టుగూళ్ళ వ్యాపారం చేసే ఇంటికి వచ్చాను. మొదట ఆడపిల్ల. మూడేళ్ళకు మళ్ళీ ఆడపిల్ల. రెండో కాన్పుకు అమ్మ వచ్చి ఆసుపత్రిలో నా దగ్గర ఉంది. మళ్ళీ ఆడపిల్లేనని చెప్పినప్పుడు అమ్మ ముఖం చూడటానికి నాకు భయం వేసింది. అమ్మ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, నర్సును దగ్గరకు పిలిచింది.

"నా కూతురికి ఆప్రేసను కూడా చేసేయండమ్మా, మళ్ళీ మళ్ళీ రాకుండా. రెండు చాలు."

అన్న మీద విరుచుకుపడిన మనిషి ఈమేనా అనిపించింది.

"ఏమ్మా, నువ్వేనా ఈ మాట చెప్పేది? నువ్వు తొమ్మిది మందిని కంటివి కదా."

"నన్ను ఎవురడిగినారే?" అంది అమ్మ. "కంటావా అని అడిగినోళ్ళు లేరు, చాల్లే అని చెప్పినోళ్ళు లేరు. కన్నాను. పూడ్చినాను. మళ్ళీ కన్నాను." ఒళ్ళో బిడ్డ గుడ్డ సర్దుతూ మామూలుగా అంది: "ఇప్పుడు బడి ఫీజులే ఎంతెంత అంటాండారు. ఆడబిడ్డలైతే ఏమి, బాగా చదివించుకోండి."

ఆపరేషన్ మీరు చేయించుకోకూడదా అని అంతకు ముందే మా ఆయనను అడిగి ఉన్నాను. ఆయన నవ్వి, "నేను మీయన్నను కాను" అన్నాడు. ఆ సంగతి అంతటితో ముగిసింది. కత్తి నాకే పడింది. ఆ రోజుల్లో మా వీధిలో ఏ ఇంట్లో చూసినా అంతే.

ఇంటికి వచ్చాక అమ్మ పల్లెకు పోయింది. ఆమె బదులు వదిన సెలవు పెట్టి వచ్చింది. కాన్పుల ఆసుపత్రి లోపలికి రాలేనని ముందే చెప్పింది, రాలేదు కూడా. కానీ బిడ్డకు నీళ్ళు పోయడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. కాళ్ళు చాపుకుని, వాటి మీద బిడ్డను బోర్లా వేసుకుని, అదరకుండా బెదరకుండా పోసేది. ఒక మధ్యాహ్నం సాంబ్రాణి పొగ వేసి బిడ్డను పడుకోబెట్టి, నా మంచం పట్టె మీద కూర్చుంది.

"పోయిన నెల మేము వేలూరికి పొయ్యొచ్చినాము" అంది.

"ఎవురికి బాగలేదు?"

"ఎవురికీ ఏం లేదు. కలుపుతారేమో కనుక్కుందామని."

నేను లేచి కూర్చోబోతే కుట్లు లాగాయి. ఆమె నా భుజం పట్టి పడుకోబెట్టింది.

"అమ్మ మళ్ళీ పోరిందా?"

"అత్తమ్మ ఆ మాటెత్తి ఏళ్ళయింది. నేనే అడిగినాను. పాప పెద్దమనిషైంది. అబ్బోడు ఆరో తరగతి, వాని ఆటలు వానివి. నువ్వు కడుపుతో ఉండావని తెలిసినాక, నాకూ ఒకటి ఉంటే అనిపించింది. భయం పొయ్యిందా అంటే పోలేదు. భయం అట్లే ఉండాది, దాని పక్కనే ఇదీ వచ్చి కూర్చున్నట్టుంది. మీయన్నతో చెప్తే ఒక్క మాట కూడా అడక్కుండా లీవు పెట్టినాడు."

అక్కడి డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడట. చాలా ఏళ్ళయిపోయింది, కలపడం చేతనవుతుంది గానీ పిల్లలు పుడతారని మాత్రం చెప్పలేను, ఆమె వయసు కూడా చూసుకోవాలి, ఆలోచించుకుని రండి అన్నాడట. ఇద్దరూ బస్టాండులో ఇడ్లీ తిని చిత్తూరు బస్సెక్కారు. బస్సు కదిలాక అన్న, తాను నరం కలిపించుకుంటానని చెప్పాడట.

"అప్పుడు ఏడుపొచ్చిందమ్మా నాకు. ఎందుకో తెలీదు. కిటికీ పక్కకు తిరిగి ఏడ్చినాను. ఆయన ఊరుకోమని కూడా చెప్పలేదు, నా సంచీ తీసి ఆయన ఒళ్ళో పెట్టుకున్నాడు. చిత్తూరులో బస్సు మారినాము. పలమనేరు వచ్చేటప్పటికి అయిపొయ్యింది."

"ఏంది అయిపొయ్యింది?"

"ఆ కోరిక. పూర్తిగా పొయ్యిందని చెప్పను. దాని కోసరం ఆయన్ను మళ్ళీ కత్తి కింద పడుకోబెట్టేంత లేదని తెలిసింది. వద్దులే అన్నాను. సరే అన్నాడు."

బిడ్డ కదిలితే ఆమె లేచి ఉయ్యాల ఊపింది.

సెలవు అయిపోగానే వదిన పుంగనూరు పోయింది. బిడ్డ కోసం కొన్నాళ్ళు ప్రతి ఆదివారం మొదటి బస్సుకే వచ్చి, తానే నీళ్ళు పోసి, భోంచేసి పోయేది. అన్న కూడా అప్పుడప్పుడు వచ్చేవాడు. తర్వాత పాపకు పదో తరగతి పరీక్షలు వచ్చాయి, ఇంట్లో పాఠాలు చెప్పే పని వదినకు పెరిగింది. రావడం నెలకొకసారి అయింది. వచ్చినప్పుడల్లా నా చిన్నది పరుగెత్తిపోయి, వదిన చేతిసంచీ లాక్కుని, లోపల ఏముందో చూసేది. సంచీలో ఎక్కువగా దిద్దాల్సిన పరీక్ష పేపర్లే ఉండేవి.